ఈస్ట్ లేని బ్రెడ్: ఐరిష్ సోడా బ్రెడ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో బ్రెడ్ చేద్దామనుకునేవాళ్లకు మొదట అడ్డం వచ్చేది ఈస్టే. పాతబడితే పొంగదు, పొంగినా గంటలకొద్దీ కాచుకుని కూర్చోవాలి. ఐర్లండ్‌లో తరతరాలుగా చేసుకుంటున్న సోడా బ్రెడ్‌కు ఆ బెడద లేదు. దాని గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఈస్ట్ వాడకుండా బ్రెడ్ చేయాలనుంది. ఐర్లండ్ వాళ్ల సోడా బ్రెడ్ తేలికని విన్నాను. కొలతలతో సహా మొదటినుంచి చెప్పగలరా? గుడ్డు, వెన్న లేకుండా కుదురుతుందా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: గుడ్డూ వెన్నా తీసేయాల్సిన పనే లేదండి, అసలు పద్ధతిలో అవి ఉండవు. పిండి, వంట సోడా, ఉప్పు, పుల్ల మజ్జిగ. ఈ నాలుగింటితోనే అయిపోతుంది.

మైదా 450 గ్రాములు తీసుకోండి. వంట సోడా ఒక టీస్పూన్, అదీ కత్తి వెనకవైపుతో చదునుగా గీసి, సుమారు 5 గ్రాములు. ఉప్పు ఒక టీస్పూన్. ఐర్లండ్‌లో దొరికే చిక్కటి మజ్జిగ అయితే 350 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. మన ఇళ్లలో అయితే 300 గ్రాముల పుల్ల పెరుగులో 90 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఉండలు లేకుండా చిలికి వాడుకోవచ్చు.

ముందు ఓవెన్ వెలిగించి, ఆ తర్వాతే పిండి ముట్టుకోండి. సోడాకు తడీ పులుపూ తగిలిన క్షణంనుంచే గ్యాస్ పుడుతుంది. పిండి కలిపేసి ఓవెన్ వేడెక్కేదాకా కూర్చుంటే, బ్రెడ్‌ను పైకి లేపాల్సిన గ్యాస్ అంతా గిన్నెలోంచే పోతుంది. ఓవెన్ 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు వేడెక్కాలి.

పిండి, ఉప్పు, సోడా కలిపి రెండుసార్లు జల్లించండి. వెడల్పాటి గిన్నెలో మధ్యలో గుంట చేసి, చిలికిన మజ్జిగలో ముప్పాతిక వంతు ఒకేసారి పోసేయండి. చేతివేళ్లు ఎడంగా చాపి, గట్టిగా నిలిపి, మధ్యనుంచి అంచులవైపు గుండ్రంగా తిప్పండి. ఎక్కడ పొడిపిండి కనిపిస్తే అక్కడ మిగతా మజ్జిగ కొద్దికొద్దిగా పోయండి. అర నిమిషం, మహా అయితే ముప్పావు నిమిషంలో అంతా దగ్గరపడుతుంది. అక్కడితో ఆపేయాలి. ముద్ద పైకి గరుకుగా, వేళ్లకు కాస్త అంటుకుంటూ ఉంటుంది. చపాతీ పిండికన్నా బాగా మెత్తగా, గారెల పిండికన్నా కొంచెం గట్టిగా ఉంటే సరైన పాకం.

బల్ల మీద పొడిపిండి చల్లి ముద్దను దాని మీదకు దించండి. చేతులకు పిండి రాసుకుని, అంచుల్ని రెండు మూడుసార్లు లోపలికి మడిచి, తిరగేసి, 18 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా గుండ్రంగా సర్దండి. పిండి చల్లిన ట్రేలోకి మార్చి, ఈ అంచునుంచి ఆ అంచుదాకా ప్లస్ గుర్తులా కోయండి. కోత ఎత్తులో సగానికి పైగా దిగాలి. పైపైన గీత గీసి వదిలేస్తే ప్రయోజనం లేదు. 230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 200కు తగ్గించి ఇంకో 25 నుంచి 30 నిమిషాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రెండుచోట్లా 20 డిగ్రీలు తగ్గించుకోండి.

ఉడికిందో లేదో చూడటానికి, గుడ్డతో పట్టుకుని తిరగేసి అడుగున వేలితో కొట్టి చూడండి. బోలుగా మోగితే అయిపోయినట్టు. చప్పుడు మొద్దుగా వస్తే తలకిందులుగానే ఇంకో 5 నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి. థర్మామీటర్ ఉంటే లోపల 93 నుంచి 96 డిగ్రీలు చూపాలి. తీగల స్టాండ్ మీద ఆరబెట్టి, గంట తర్వాత కోయండి. పైపెచ్చు మెత్తగా కావాలంటే వేడిమీదే శుభ్రమైన పలచటి గుడ్డలో చుట్టి ఉంచండి. కరకరలాడాలంటే చుట్టకండి.

ప్రశ్న: మా ఇంట్లో మజ్జిగ అంటే నీళ్ల మజ్జిగే. అదే పోయవచ్చా? షాపుల్లో దొరికే మజ్జిగ ప్యాకెట్లు పనికొస్తాయా? పెరుగు అయితే ఎంత పులియాలి?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ బ్రెడ్ బాగా రావడం, రాకపోవడం అనేది చాలామటుకు ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

మజ్జిగ పోసేది పిండి తడపడానికే కాదు. దానిలోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది, ఆ గ్యాసే పిండిని గుల్లపరుస్తుంది. పులుపు చాలకపోతే రెండు నష్టాలు. పొంగు తగ్గుతుంది, పైగా మిగిలిపోయిన సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బొనేట్‌గా మారి సబ్బు రుచి తెస్తుంది. అందుకే భోజనంలో పోసుకునే నీళ్ల మజ్జిగ ఇక్కడ పనికిరాదు. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోస్తే పులుపు నాలుగో వంతుకు పడిపోతుంది, సోడా మాత్రం అంతే ఉంటుంది.

మజ్జిగను కదపకుండా ఉంచి పైన తేరిన తేటను వంపేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. చిక్కబడటం నిజమే. కానీ ఆమ్లం తేటలోనూ కరిగే ఉంటుంది కాబట్టి కింద మిగిలినదాని పులుపు ఏమీ పెరగదు. చిక్కదనం వేరు, పులుపు వేరు. వెన్న తీసిన చిక్కటి మజ్జిగ ఉంటే, చిలికేటప్పుడు నీళ్లు ఎక్కువ పోయకుండా ఉన్నదైతే, ఒక పూట బయట ఉంచి పులవనిచ్చి వాడండి. ఐర్లండ్‌లో పాతకాలంలో వాడింది అచ్చంగా అదే, వెన్న చిలికాక మిగిలిన మజ్జిగ.

పెరుగు విషయానికొస్తే, తోడుకున్న రోజు కమ్మటి పెరుగు చాలదు. నాలుక మీద పెట్టగానే పులుపు తెలియాలి. ఎండాకాలంలో ఉదయం తోడుకున్నది సాయంత్రం దాకా బయట ఉంటే సరిపోతుంది. చలికాలంలో ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. పులిసిందా లేదా అని అనుమానంగా ఉంటే చెంచాడు చిలికిన పెరుగులో చిటికెడు సోడా వేసి కలపండి. వెంటనే నురగ పొంగి చెంచా అంచు దాటాలి. నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే పులుపు చాలలేదన్నమాట. అప్పుడు 90 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ తగ్గించి, దాని బదులు నిమ్మరసం పోయండి. నిమ్మకాయ లేకపోతే సోడానే ముప్పావు టీస్పూన్‌కు తగ్గించండి. పొంగు కొంచెం తగ్గుతుంది, రుచి మాత్రం చెడదు.

పెరుగే లేనివాళ్లు 370 మిల్లీలీటర్ల పాలలో 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి 10 నిమిషాలు ఆగితే పాలు విరిగినట్టవుతాయి. దీనికీ సోడా ముప్పావు టీస్పూనే. అత్యవసరానికి ఇది ఫరవాలేదు కానీ పెరుగుతో వచ్చే రుచి రాదు.

ప్యాకెట్ మజ్జిగల్లో ఎక్కువ భాగం నీళ్లే. ఉప్పు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు కూడా ఉంటాయి. తాగడానికి ఉంచుకోండి.

1836లో లండన్‌లోని ఒక వ్యవసాయ పత్రిక, ఐర్లండ్‌లోని న్యూరీ పట్టణపు వార్తాపత్రికనుంచి తీసుకుని సోడా బ్రెడ్ పద్ధతి ఒకటి అచ్చువేసింది. అచ్చులో దొరికే తొలినాటి సోడా బ్రెడ్ పద్ధతుల్లో అదొకటి. అందులో మజ్జిగ బాగా పుల్లగా ఉండాలని, ముద్ద చేతితో పట్టుకోగలిగినంతలో ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని రాశారు. దాదాపు రెండు వందల ఏళ్లయినా ఆ రెండు మాటల్లో మార్చాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: బ్రెడ్ బాగానే పొంగింది కానీ సబ్బు వాసన. కోసి చూస్తే అక్కడక్కడా పసుపు, గోధుమరంగు చుక్కలు. సోడా పాడైందా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: సోడా పాడవలేదు. తడి తగలకుండా మూత పెట్టిన డబ్బాలో ఉంటే వంట సోడా ఏళ్లతరబడి పనిచేస్తుంది. పాతబడితే నీరసించేది బేకింగ్ పౌడర్.

చుక్కలు వచ్చాయంటే సోడా ఉండలు కట్టి ఉంది, మీరు జల్లించలేదు. గాలిలో తేమ పట్టిన సోడా చిన్న చిన్న గడ్డలవుతుంది. ఒక్కో గడ్డ ఉన్నచోట పులుపుకు మించిన సోడా మిగిలి, వేడికి ఆ చుట్టూ రంగు మారుతుంది. ముందు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి, తర్వాత పిండితో కలిపి జల్లించండి. చుక్కలు పోతాయి.

వాసన మాత్రం బ్రెడ్ అంతటా ఉంటే కారణం వేరే. టీస్పూన్‌ను గోపురంలా నింపి కొలిచి ఉంటారు, లేదా పెరుగు పులిసి ఉండదు. గోపురంగా నింపిన స్పూన్‌లో దాదాపు రెండింతలు పడుతుంది. ఎక్కువ సోడా వేస్తే ఎక్కువ పొంగుతుందనుకోవడం ఇక్కడ చెల్లదు. పులుపు ఎంత ఉందో అంతవరకే లాభం, ఆ పైన వేసిందంతా చేదే.

ఇంకో మాట. బట్టలకు, గిన్నెలకు వాడే వాషింగ్ సోడా ఇది కాదు. అది సోడియం కార్బొనేట్, తినకూడదు. రెండూ తెల్లటి పొడులే, చాలా ఇళ్లలో పేరు రాయని డబ్బాల్లో పక్కపక్కనే ఉంటాయి. డబ్బా మీద పేరు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) చేశాను. పైన రాయిలా పెచ్చు, లోపల పచ్చిముద్ద. రెండోసారి ఇంకో పావుగంట ఎక్కువ ఉంచితే పైన మాడిపోయింది. ఎక్కడ పొరపాటు?
– గుంటూరు నుంచి

జవాబు: ముక్క కోసి లోపల చూస్తే తెలుస్తుంది. పచ్చిదనం మధ్యలో మాత్రమే ఉందా, అడుగున గీతలా ఉందా, అంతటా ఉందా?

మధ్యలో మాత్రమే జిగురుగా ఉంటే వేడి అక్కడిదాకా చేరలేదు. ముద్ద మరీ ఎత్తుగా పెట్టారు, లేదా కోత లోతుగా దిగలేదు. ఆ ప్లస్ గుర్తు అందం కోసం కాదు, మందపాటి మధ్యభాగంలోకి వేడి దిగే దారి అదే. ఇంకా చిన్న ఓటీజీలో పైరాడ్ బ్రెడ్‌కు మరీ దగ్గరగా ఉంటుంది, లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది. ట్రేను అన్నిటికన్నా కింది అరలో పెట్టండి. రెండు రాడ్లూ వెలగాలి. 20 నిమిషాల తర్వాత పైన రంగు బాగా వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. 20 లీటర్ల లోపు ఓటీజీకి 450 గ్రాముల పిండి ఎక్కువే. సగం కొలత చేయండి: 225 గ్రాముల మైదా, అర టీస్పూన్ సోడా, అర టీస్పూన్ ఉప్పు, 180 నుంచి 200 మిల్లీలీటర్ల చిలికిన పుల్ల పెరుగు. 200 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు.

అడుగున మాత్రమే తడి గీతలా ఉంటే మజ్జిగ ఎక్కువైంది, లేదా పిండి కలిపాక ఓవెన్‌లో పెట్టడానికి ఆలస్యమైంది. గ్యాస్ పోయి, ముద్ద తన బరువుకు తానే కిందికి కుంగిపోతుంది.

అంతటా బిగుసుకుపోయి, నమిలితే రబ్బరులా సాగుతుంటే మర్దించారన్నమాట. మన చేతులకు పూరీ, చపాతీ పిండి అలవాటు, ముద్ద నున్నగా అయ్యేదాకా వదలవు. ఈస్ట్ బ్రెడ్‌కు మర్దించాల్సిందే, అక్కడ గ్లూటెన్ (పిండిలోని సాగే జిగురు) సాగుతూ గంటల తరబడి గ్యాస్‌ను పట్టి ఉంచుతుంది. సోడా గ్యాస్ కొద్ది నిమిషాల ముచ్చట, దాన్ని పట్టడానికి అంత గట్టి గ్లూటెన్ అక్కర్లేదు, ఉంటే పొంగనివ్వదు కూడా. మైదా ప్యాకెట్ మీద 100 గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూడండి. 9, 10 గ్రాములున్నది మంచిది. 11 దాటితే కేకులకీ ఈ బ్రెడ్‌కీ కాదు, పిజ్జాకు పెట్టుకోండి.

ఇవేవీ కాకపోతే మీరు వేడిమీద కోసి ఉంటారు. ఓవెన్‌నుంచి తీశాక కూడా లోపల ఆవిరి సర్దుకుంటూనే ఉంటుంది. అప్పుడే కత్తి పెడితే ఉడికిన బ్రెడ్ కూడా పచ్చిముద్దలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మైదా బదులు గోధుమపిండి వాడాలని ఉంది. కొలతలు మారతాయా?
– కరీంనగర్

జవాబు: మారతాయి. ఐర్లండ్‌లో బ్రౌన్ సోడా బ్రెడ్ తెల్లదానికన్నా ఎక్కువగా నిత్యం తినేది, అయితే వాళ్ల గోధుమపిండి ముతకగా, పొట్టు రేకులు కనిపించేలా ఉంటుంది. మన చక్కీ పిండి చాలా మెత్తన. తిరగలి రాళ్ల మధ్య బాగా నలగడం వల్ల నీటిని ఎక్కువగా పీలుస్తుంది. అచ్చంగా దానితోనే చేస్తే బ్రెడ్ బరువెక్కి, మధ్యలో ముద్దకడుతుంది.

225 గ్రాముల గోధుమపిండి, 150 గ్రాముల మైదా, 75 గ్రాముల ముతక గోధుమరవ్వ కలపండి. రవ్వను ముందే 100 మిల్లీలీటర్ల చిలికిన పెరుగులో 20 నిమిషాలు నానబెట్టాలి, లేకపోతే పళ్లకింద పలుకులు తగులుతాయి. సోడా, ఉప్పు మామూలే. మొత్తం మీద చిలికిన పెరుగు 420 నుంచి 450 మిల్లీలీటర్లు పట్టవచ్చు. అందులో పెరుగు 300 గ్రాములకు తగ్గకూడదు, పెంచాల్సివస్తే అదే నిష్పత్తిలో పెంచండి. ఒట్టి నీళ్లు పోసి సరిపెట్టకండి. ఓవెన్‌లో ఇంకో 5 నిమిషాలు ఎక్కువ పడుతుంది. రవ్వ బదులు ఓట్స్ కూడా బాగుంటాయి, వాటికి నానబెట్టడం అక్కర్లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. గ్యాస్ పొయ్యి మీద, కుక్కర్‌లో చేయవచ్చంటారా?
– శ్రీకాకుళం జిల్లా పాఠకురాలు

జవాబు: ఈ బ్రెడ్ పుట్టిందే ఓవెన్ లేని ఇళ్లలో. ఐర్లండ్ పల్లెల్లో బాస్టిబుల్ అనే మందపాటి పోత ఇనుము కుండను పీట్ (చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టిన వంటచెరకు లాంటిది) నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చేవారు. పైనుంచీ కిందనుంచీ వేడి తగిలేది. గ్యాస్ పొయ్యి మీద కింద వేడి ఒక్కటే ఉంటుంది కాబట్టి ఎత్తయిన బ్రెడ్ అడుగున మాడి పైన తెల్లబోతుంది. కుక్కర్‌ను నీళ్లు లేకుండా ముప్పావు గంట కాల్చడం దానికీ మంచిది కాదు, మేం చెప్పం.

ఉత్తర ఐర్లండ్ పద్ధతి పట్టుకోండి. అక్కడ సోడా బ్రెడ్‌ను పెనం మీదే కాలుస్తారు. ఒక్కో ముక్కను ఫార్ల్ అంటారు. పైన చెప్పిన సగం కొలత తీసుకుని, ముద్దను 20 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల మందంలో అరచేత్తో తట్టి, ప్లస్‌లా పూర్తిగా కోసి నాలుగు ముక్కలు చేయండి. అప్పడాల కర్ర అక్కర్లేదు.

పెనం బరువైన ఇనప దోసె పెనం అయితే మంచిది. పలచటి నాన్‌స్టిక్ మీద మచ్చలు మచ్చలుగా మాడుతుంది. పెనం మీద మిగిలిన నూనె జిడ్డు కాగితంతో తుడిచేయండి, నూనె వేయకండి. సన్నటి మంట మీద 5 నిమిషాలు వేడెక్కాక చిటికెడు మైదా చల్లి చూడండి. పిండి నెమ్మదిగా లేత గోధుమరంగులోకి తిరగాలి. పడగానే నల్లబడితే పెనం మరీ వేడెక్కింది, దించి కాసేపు ఆగండి. ముక్కలు పరిచి ఒక్కోవైపు 7, 8 నిమిషాలు కాల్చండి. ఆత్రపడి మంట పెంచితే మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోతుంది. చివర్లో ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి, కోసిన అంచుల మీద నిలబెట్టి ఒక్కో అంచునూ ఒక నిమిషం కాల్చాలి. ఈ అంచులు కాల్చడం చాలామంది వదిలేస్తారు, పచ్చివాసన మిగిలేది అక్కడే. వెంటనే గుడ్డలో చుట్టండి.

వేడిమీద వెన్న రాసుకుని తినవచ్చు. అక్కడ మర్నాడు అడ్డంగా చీల్చి, గుడ్లు, బేకన్‌తో పాటు పెనం మీద వేయించుకుంటారు. ఆ ఉదయపు పళ్లేన్నే అల్‌స్టర్ ఫ్రై అంటారు.

ప్రశ్న: మేం డబ్లిన్‌లో ఉంటాం. సూపర్‌మార్కెట్‌లో పిండి రకాలు చూస్తే తల తిరుగుతోంది. ఏది కొనాలి? ఎండుద్రాక్ష, చక్కెర వేసినదాన్ని కూడా సోడా బ్రెడ్ అంటున్నారు. అసలైనది ఏది?
– ఒక తెలుగు కుటుంబం, ఐర్లండ్

జవాబు: మీకు మజ్జిగ సమస్య లేదు, పాల అరలోనే బటర్‌మిల్క్ డబ్బా దొరుకుతుంది. అదృష్టవంతులు.

పిండిలో ప్లెయిన్ లేదా క్రీమ్ ఫ్లవర్ అన్నది తీసుకోండి. స్ట్రాంగ్ ఫ్లవర్ ఈస్ట్ బ్రెడ్‌కు, ఇక్కడ బ్రెడ్ బిగుసుకుపోతుంది. సెల్ఫ్ రెయిజింగ్ పిండిలోనూ, సోడా బ్రెడ్ ఫ్లవర్ అని ప్రత్యేకంగా అమ్మేదానిలోనూ పొంగించే పొడులు ముందే కలిసి ఉంటాయి. అవి కొన్నాక మళ్లీ సోడా వేస్తే చేదు తప్పదు. ప్యాకెట్ వెనక ఏమేం కలిపారో చదివాకే మొదలుపెట్టండి. బ్రెడ్ సోడా అని రాసిన చిన్న డబ్బా మన వంట సోడాయే.

ఐర్లండ్‌లో ఇదే బ్రెడ్ ఎందుకు పాతుకుపోయిందంటే, అక్కడి చల్లని తడి వాతావరణంలో పండేది మెత్తరకం గోధుమ, ప్రోటీన్ తక్కువ. దానితో ఈస్ట్ బ్రెడ్ సరిగా లేవదు, సోడాతో చక్కగా వస్తుంది. 19వ శతాబ్దం తొలి సగంలో సోడా చవగ్గా అంగళ్లకు వచ్చింది. వెన్న చిలికే ఇళ్లలో మజ్జిగకు కొదవ లేదు. మూడూ కలిసొచ్చాయి. కోత గురించి అక్కడ దీవెన అనీ, పిండిలోని దేవకన్యల్ని బయటికి వదలడమనీ చెబుతారు. మీ పిల్లలకు ఆ మాట నచ్చుతుంది.

ఎండుద్రాక్ష వేసింది తప్పేమీ కాదు, అక్కడ దానికి స్పాటెడ్ డాగ్ అని పేరు. రోజూ తినేది కాదు, కాస్త ప్రత్యేకం. 450 గ్రాముల పిండికి 100 గ్రాముల ఎండుద్రాక్ష, ఒక టేబుల్ స్పూన్ చక్కెర చాలు. ద్రాక్ష మాడకుండా మొదటినుంచీ 200 డిగ్రీలే పెట్టి 40 నిమిషాలు ఉంచండి. వెన్న, గుడ్లు, గుప్పెడు చక్కెర, కారవే గింజలు వేసి మార్చి 17 సెయింట్ పాట్రిక్ పండుగకు చేసేది అమెరికాలో స్థిరపడిన తీరు. రుచిగానే ఉంటుంది, కేకుకు దగ్గర.

బ్రెడ్‌లో తీపి సంగతి ఐర్లండ్‌లో కోర్టుదాకా వెళ్లింది కూడా. పిండి బరువులో చక్కెర 2 శాతం దాటితే అక్కడి పన్ను చట్టం దాన్ని నిత్యావసర బ్రెడ్‌గా లెక్కించదు. ఒక విదేశీ శాండ్‌విచ్ సంస్థ బ్రెడ్‌లో చక్కెర 10 శాతం ఉందని, నిత్యావసర బ్రెడ్‌కు ఇచ్చే పన్ను మినహాయింపు దానికి వర్తించదని 2020లో ఐర్లండ్ సుప్రీంకోర్టు తేల్చింది. మేం చెప్పిన టేబుల్ స్పూన్ చక్కెర కూడా 2 శాతం దాటుతుంది లెండి, మీరు అమ్మడం లేదు కాబట్టి చింత లేదు.

ప్రశ్న: వంట సోడా బదులు బేకింగ్ పౌడర్ వేయవచ్చా? ఫ్రూట్ సాల్ట్ పొడి వేస్తే?
– నెల్లూరు

జవాబు: బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దానికి తగిన ఆమ్లం కూడా కలిసే ఉంటుంది, అందుకని బలం సోడాలో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే. మూడు టీస్పూన్లు వేసి, మజ్జిగ బదులు పాలు పోస్తే పొంగుతుంది. అది బాగానే ఉన్నా సోడా బ్రెడ్ అనిపించుకోదు, ఆ పులుపు రాదు. ఫ్రూట్ సాల్ట్ తడి తగలగానే భగ్గున పొంగి అప్పుడే చల్లారుతుంది. ఢోక్లాకు సరే, 40 నిమిషాలు కాలాల్సిన బ్రెడ్‌కు వద్దు.

ప్రశ్న: పొద్దుతిరుగుడు గింజలు వేసి చేశాను. మర్నాటికి గింజల చుట్టూ ఆకుపచ్చగా మారింది. బూజేమో అని పారేశాం.
– తిరుపతి

జవాబు: బూజు కాదండి. ఆ గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది, క్షారం తగిలితే పచ్చబడుతుంది. హాని లేదు. అయితే అంతగా పచ్చబడిందంటే మీ పిండిలో సోడా కాస్త మిగిలిపోతున్నట్టే. పావు టీస్పూన్ తగ్గించి చూడండి. బూజు అయితే పైన నూగులా ఉంటుంది, వాసన తేడా తెలుస్తుంది.

ప్రశ్న: నాకు బీపీ ఉంది. సోడా ఉన్న బ్రెడ్ తినవచ్చా?
– హైదరాబాద్ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: 5 గ్రాముల వంట సోడాలో దాదాపు 1.4 గ్రాముల సోడియం ఉంటుంది. టీస్పూన్ ఉప్పులో ఇంకో 2 గ్రాముల పైచిలుకు. మొత్తం బ్రెడ్‌ను 12 ముక్కలు చేస్తే ముక్కకు సుమారు 300 మిల్లీగ్రాములు. పెద్దలు రోజుకు 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ముక్క తింటే ప్రమాదమని కాదు కానీ, పచ్చడి, అప్పడం, ఊరగాయలతో పాటు ఇదీ లెక్కలోకి వస్తుంది. ఉప్పు సగానికి తగ్గించండి, రుచిలో పెద్ద తేడా రాదు. సోడా తగ్గిస్తే మాత్రం పొంగు పోతుంది. మీకు రోజుకు ఎంతవరకు సరిపోతుందో మీ డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మూడో రోజుకు గట్టిపడిపోతోంది. నిలవ ఎలా?
– ఖమ్మం

జవాబు: ఇందులో విడిగా కొవ్వు వేయం, చక్కెర వేయం, అందుకే త్వరగా ఎండిపోతుంది. చేసిన రోజు తినడం అన్నిటికన్నా మేలు, మర్నాడు టోస్ట్ చేసుకుంటే బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికన్నా ఫ్రిజ్ చలిలో బ్రెడ్ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. వానాకాలంలో బయట ఉంచితే రెండో రోజుకే బూజు పట్టవచ్చు, కాబట్టి పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, గాలి చొరకుండా కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వేయండి. నెల రోజులు ఉంటుంది. కావాల్సిన ముక్కల్ని గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పెనం మీద వేసి సన్నటి మంట మీద రెండువైపులా కాల్చుకోవచ్చు.